బోర్డింగత్త ఎత్తిన పాట

పోయిన సోమవారం గుండె దడగా ఉందని ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ చిన్నపిల్ల, నా మనవరాలి ఈడు ఉంటుంది. బీపీ చూసింది, గుండెకి తీగలు తగిలించి కాగితం తీసింది, రక్తం పరీక్షకి పంపింది. అన్నీ చూశాక పెన్ను పక్కన పెట్టి, "అమ్మా, ఈ మధ్య మీ ఇంట్లో పెద్ద మార్పులేమైనా జరిగాయా?" అని అడిగింది.

"ఏం లేవమ్మా. రాయిలా ఉన్నాను," అన్నాను టక్కున.

నాకు తోడొచ్చింది మా గుడిలో నా పక్కన కూర్చునే అమ్మాయి, అంగన్‌వాడీ టీచరు. మా క్రైస్తవుల ఇళ్ళలో చర్చిని గుడి అనే అంటాం లెండి. ఆ అమ్మాయి నా మొహంలోకి అదోలా చూసింది.

తిరిగొస్తూ షేర్ ఆటోలో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్నాక అప్పుడు తట్టింది నాకు. మా ఆయన పోయి ఏడాది తిరగలేదు. కింద ఇల్లు అద్దెకిచ్చేసి మేడ మీది గదిలోకి మారాను. మరి ఏం లేవని ఎందుకన్నట్టు? దాచాలని కాదు. దేవుడి సాక్షిగా ఆ క్షణాన నాకవేవీ గుర్తే రాలేదు. ఇదేం విడ్డూరమో నాకర్థం కాలేదు. పైగా ఆ "రాయిలా ఉన్నాను" అన్న మాట నాది కాదు. అది బోర్డింగత్త మాట. ఆవిడ పోయి ఎన్నేళ్ళో అయింది, ఇప్పుడు నా నోట్లోంచి ఎలా ఊడిపడిందో!

అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. రాస్తే ఏమైనా తెలుస్తుందేమోనని. తెలుస్తుందన్న నమ్మకమైతే పెద్దగా లేదు.

బోర్డింగత్తకి ఓ పేరుండేది. మా నర్సీపట్నంలో ఆ పేరుతో ఆవిడని పిలిచినవాళ్ళు లేరు కాబట్టి నేనూ రాయను. ఆడపిల్లల బోర్డింగులో వంట చేసేది కాబట్టి బోర్డింగత్త. పొట్టి మనిషి. అన్నం గుండిగలో గరిటె తిప్పాలంటే పొయ్యి పక్కన ఇటుకలు పేర్చుకుని వాటి మీద నిలబడేది. బోర్డింగులో ఉన్న పిల్లలు చాలామంది ఏజెన్సీ కొండల మీంచి దిగినవాళ్ళు, కొంతమంది గొలుగొండ, కృష్ణదేవిపేట పక్క పల్లెల వాళ్ళు. అంతమందికీ మూడు పూటలా వండి వార్చి, మళ్ళీ ఎవరు తిన్నారో ఎవరు తినలేదో మొహాలు చూసి చెప్పేది. "ఒలే గుంటా, నీ పల్లెంలో కూర అలాగే ఉండిపోనాదేటి? ఇంటి మీద బెంగేటి? ఏడిస్తే ఏడు, కూడు తిని ఏడు," అనేది. పిల్లలు ఏడుస్తూనే తినేవాళ్ళు.

ఆదివారం అయ్యేసరికి ఆవిడే ఇంకో మనిషి. ఆ రోజుల్లో మా గుడిలో హార్మోనియం ఉండేది గానీ దాని తిత్తి ఎలకలు కొరికేశాయి. అయ్యగారు, అంటే పాస్టరు గారు, కీర్తన నంబరు చెప్పగానే ఎవరో ఒకరు మొదటి మాట ఎత్తుకోవాలి, తక్కిన సంఘం అందుకోవాలి. ఎత్తేవాళ్ళ శ్రుతి కుదిరితే గుడంతా హాయిగా పాడుతుంది. పైకెత్తితే మగాళ్ళ గొంతులు చిరుగుతాయి, కిందికెత్తితే ఆడవాళ్ళ గొంతులు వినబడవు. ఈ పాట ఎత్తే పని బోర్డింగత్తది. ఎవరూ ఇచ్చింది కాదు, ఎవరూ తీసుకోగలిగింది కూడా కాదు. పైట చెంగు నడుముకి దోపి, గుండిగ దించబోయే ముందు నిలబడ్డట్టు కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి, ఒక్క ఊపిరి తీసి ఎత్తేది. ఎంత చక్కగా కుదిరేదంటే, పాట రానివాళ్ళు కూడా ఆవిడ వెనకే పోయేవాళ్ళు.

నాకు గొంతుందని చిన్నప్పుడే కనిపెట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. నేర్పడమంటే పెద్దగా ఏమీ లేదు. ఒకటే మాట చెప్పేది. "నీ కోసరం ఎత్తకే. ఆ గుమ్మం కాడ కూకున్న ముసిలోడి కోసరం ఎత్తు. ఆడికి అందితే అందరికీ అందినట్టే."

ఆ గుమ్మం దగ్గర కూర్చునే ముసలాయన మరెవరో కాదు, ఆవిడ మొగుడే. గుడి గంట కొట్టేవాడు. మేమంతా గంట మావయ్య అనేవాళ్ళం. పొడుగ్గా, సన్నగా, మాటా పలుకూ లేని మనిషి. గంట కొట్టి, తాడు మేకుకి తగిలించి, లోపలికొచ్చి మగవాళ్ళ వైపు చాప చివర గుమ్మానికి ఆనుకుని కూర్చునేవాడు. కూర్చుని గొంతు సవరించుకునేవాడు. ఆ తర్వాత పాట మొదలయ్యేది. అన్నేళ్ళూ ఇది ప్రతి ఆదివారం చూసేదే కనక ఎవరమూ పట్టించుకోలేదు.

ఇద్దరికీ క్షణం పడేది కాదు. "అంత గంట లాగేత్తావు గదా, ఓ బిందె నీలు తోడలేవేటి?" అని ఆవిడ కేకలేస్తే, ఆయన బిందె తీసుకుని నుయ్యి దగ్గరికి నడిచేవాడు, జవాబు మాత్రం చెప్పేవాడు కాదు. "రాయితో కాపరం సేస్తన్నానమ్మా," అని మా అమ్మకి చెప్పుకునేది ఈవిడ. తనని అడిగితే మాత్రం తనూ రాయే. కాలు బెణికినా, చెయ్యి కాలినా, "నాకేటైనాది? రాయిలాగున్నాను," అనేది.

డెబ్బైల్లో ఒక ఏడాది, నాకు టీచరు ట్రైనింగు సీటు రాక ఇంట్లో కూర్చున్న ఏడాది, అన్నీ ఒకదాని వెనకొకటి వచ్చిపడ్డాయి.

వేసవి సెలవుల్లో బోర్డింగు మూసేశారు. డబ్బు రావడం లేదన్నారు. పిల్లలు రేకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని బస్సెక్కిపోయారు. బోర్డింగత్త ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, "మంచిదేనే. ఈ వయసులో నాకూ రెస్టు కావాల గదా," అంది. మేం కూడా అవునవునన్నాం. అయితే ఆవిడకి ఇద్దరికి వండడం రాదు. నమ్మరు గానీ నిజం. చెయ్యి గుప్పెడు ఉప్పుకి అలవాటుపడిపోయింది. చిన్న గిన్నెలో అన్నం పెడితే అయితే మాడ్చేసేది, కాకపోతే చిమిడించేసేది. చివరికి విసుగొచ్చి పెద్ద తప్పేలా పెట్టి వండేసి, మిగిలింది టిఫిను క్యారేజీలో సర్ది మా వీధిలో ఇంటింటికీ తెచ్చి ఇచ్చేది. మేమంతా పప్పు రుచి మెచ్చుకుంటూ నీళ్ళు తాగుతూ తినేవాళ్ళం. ఆవిడ మాత్రం రెండు ముద్దలు కూడా తినేది కాదు.

జూన్లోనో ఎప్పుడో ఒక ఆదివారం పాట కాస్త పైన ఎత్తింది. మా నాన్న ఇంటికొచ్చి మెడ నిమురుకుంటూ, "ఇయ్యాల బోర్డింగత్తకి హుషారెక్కువైనాది," అన్నాడు. అంతే, నవ్వుకుని ఊరుకున్నాం.

వానల్లో గంట మావయ్య పోయాడు. జ్వరం అన్నాడు, పడుకున్నాడు, వారం తిరక్కుండా పోయాడు. సమాధుల దొడ్డిలో వాన కురుస్తుంటే పాట ఎవరెత్తాలో తెలియక అందరం తలలు వంచుకుని నిలబడ్డాం. ఆవిడే చెంగు దోపి ఎత్తింది. కంట నీటి చుక్క లేదు. చాలా పైన ఎత్తింది. దుఃఖంలో ఉంది కదా అని ఎలాగో లాక్కొచ్చాం. దారిపొడుగునా అందరూ ఆవిడ విశ్వాసాన్ని పొగిడినవాళ్ళే. ఎంత గట్టి మనిషి, ఎంత గట్టి మనిషి అని.

బోర్డింగు లేదు కాబట్టి వంటమనిషికిచ్చిన క్వార్టరూ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఊరి పక్కనే పెదబొడ్డేపల్లిలో డాబా ఇంట్లో ఓ గది దొరికింది. దానికి ఫ్యాను కూడా ఉంది. క్రిస్మస్ ముందు ఒక్కగానొక్క కూతురికి ఎస్. రాయవరం సంబంధం కుదిరి పెళ్ళయింది. పిల్లాడు బంగారం. అత్తవారు మంచివాళ్ళు. ఇది కష్టం కాదు కదా, సంతోషమే కదా! మరి ఆ పెళ్ళి పాట ఎత్తినప్పుడు శ్రుతి ఎక్కడికి పోయిందంటే, పెళ్ళికూతురే ముసుగులో కిసుక్కున నవ్వింది. మగపెళ్ళివారు పుస్తకాల్లో తలలు దూర్చేశారు. ఆవిడకి మాత్రం తెలియలేదు. పాటయ్యాక నా వైపు వంగి, "ఏటే, ఈల్లకి పాటలు రావేటి?" అంది.

ఈలోగా అత్త ఒంట్లో చూస్తే, ముందు జుట్టు ఊడింది. దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. అరచేతులు పొలుసులు లేచాయి. తిన్నది ఇమడదు. కబుర్లు చెబుతూ చెబుతూ ఆగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఓలమ్మో, లోన ఎవులో లగెత్తుతున్నట్టున్నాదే," అనేది. ఏమైందత్తా అంటే మళ్ళీ అదే పాట, రాయిలాగున్నాను. ఓ రోజు సంతకి బయల్దేరి పాత క్వార్టరు దగ్గర తేలింది. తన తాళంచెవితో తలుపు తీయబోతుంటే లోపలున్న కొత్తావిడ దొంగనుకుని కేకలేసింది. మా ఇంటికొచ్చి పడీ పడీ నవ్వుతూ చెప్పింది. "నాను ఎల్లనేదే. కాల్లు ఎల్లిపోనాయి."

మేం నవ్వామా, భయపడ్డామా? రెండూ కొంచెం కొంచెం.

మందుల సంగతి చెప్పకూడదు. డాక్టరు గారు గొట్టం పెట్టి చూసి ఏమీ లేదు, బలానికి మాత్రలు వేసుకో అన్నారు. దానికి ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చింది. "ఏటీ నేదంట! మరి ఈ దడ నాది కాదేటి, ఆ డాక్టరు బాబుదేటి?" అంది. అయ్యగారు నూనె రాసి ప్రార్థన చేశారు. మా అమ్మ, అయ్యగారికి చెప్పొద్దని నాకు ఒట్టు పెట్టి, ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. సంతలో చింతపండు అమ్మడానికి కొండ దిగొచ్చిన ఒకావిడ ఏదో వేరు ఇచ్చి అరగదీసి తాగమంది. ఆ కొండావిడ కూతురు మా బోర్డింగులో ఉన్న పిల్లే. "ఇంటికొచ్చినాక మా గుంట కూడా ఇలాగే తిననేదమ్మా, నీ వంట కావాలని ఏడ్సినాది," అని బోర్డింగత్త చెయ్యి పట్టుకుంది. బోర్డింగత్త ఆ చెయ్యి గబుక్కున విడిపించుకుని బేరం మొదలుపెట్టింది.

ఒకరు పైత్యం అన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు, ఒకరు నెత్తురు తక్కువన్నారు. అందరి మాటా నిజమే అనిపించేది, ఏదీ పూర్తిగా అతికేది కాదు. నాకైతే బుర్ర తిరిగిపోయేది. మొగుడి మీద బెంగ అందామంటే, ఆయన బతికుండగానే పాట పైకి పోయింది కదా. బోర్డింగు మీద బెంగ అందామంటే, రెస్టు రెస్టు అని తనే సంబరపడింది కదా. పోనీ కష్టాలు అందామంటే, పెళ్ళి కష్టమా?

క్రిస్మస్ ఆరాధనలో మొత్తం బయటపడిపోయింది. గుడి నిండా జనం, బయట పందిరి కింద కూడా జనం. అత్త ఎత్తిన మొదటి మాటకే ఎవరికీ అందలేదు. రెండో వరస వచ్చేసరికి మగాళ్ళు ఆగిపోయారు, మూడో వరసకి ఆడవాళ్ళు ఆగిపోయారు. చివరికి ఆవిడొక్కతే పాడింది, సన్నగా, తీగలా, చరణాలన్నీ. అయ్యాక చెంగు విప్పి మొహం తుడుచుకుని కూర్చుంది. అంతమందిలో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

మర్నాడు అయ్యగారు మా ఇంటికి వచ్చారు. ఆయన కాకినాడ వైపు మనిషి, కొత్తగా వచ్చినవారు, మర్యాదస్తుడు. "కొత్త సంవత్సరం నుంచి పాట మీ అమ్మాయి ఎత్తితే బాగుంటుందండీ. ఆవిడకి విశ్రాంతిగా ఉంటుంది," అన్నారు.

మా నాన్న టైలరు. మిషను మీద కాళ్ళు ఆపి, "అయ్యగారూ, ఆవిడకున్నవన్నీ పోనాయండి. ఇంక ఇదొక్కటే మిగిలింది. ఇదీ లాగేస్తే మనిషి మిగులుతాదంటారా?" అన్నాడు.

"మీరన్నదీ నిజమే. కానీ సంఘం పాడలేకపోతోంది కదండీ," అన్నారాయన. అదీ నిజమే. ఇంకొక్క ఆదివారం చూద్దాం, ఆ తర్వాత మార్చేద్దాం అని చెప్పి వెళ్ళారు.

ఆ మాట ఎవరు చేరవేశారో, సాయంత్రానికి బోర్డింగత్త క్యారేజీ పట్టుకుని వచ్చేసింది. "పాట ఇంక నువ్వే ఎత్తుతావంట గదే. మంచిదేనే. నాకూ రెస్టు కావాల గదా," అంది. క్యారేజీ నా చేతిలో పెట్టింది. నాకేడుపొచ్చింది. బోర్డింగు పోయినప్పుడూ ఇదే మాట, ఇదే నవ్వు. నేను ఎత్తనత్తా అంటే, "నోరుముయ్యి, గుడన్నాక ఎవులో ఒకలు ఎత్తాల," అని కసిరి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక మా అమ్మ క్యారేజీ కడుగుతూ కడుగుతూ ఆగిపోయింది. "ఒలే, ముసిలాయన దగ్గు ఏదే ఇప్పుడు?" అంది.

"ఏ దగ్గు?"

"పాటకి ముందు ఆయన గొంతు సవరించుకునేవోడు గదా. అది వినే ఈవిడ ఎత్తేదేమో. అది నేకపోతే ఎక్కడ ఎత్తాలో ఈవిడకెలా తెలుస్తాది?"

ఆయన పోకముందే పాట పైకి పోయింది కదా అని నేనంటే, అప్పటికే ఆయనకి ఒంట్లో బాగులేదేమో, గొంతు మారిపోయిందేమో అని అమ్మ. ఏమో. ఆ పూటకి మాత్రం మాకది దేవుడే చెప్పినట్టనిపించింది. ఆ వారమంతా మా నాన్న మిషను దగ్గర కూర్చుని దగ్గు సాధన చేశాడు. "అలా కాదు, ఆయనది లోపల్నుంచొచ్చేది," అని అమ్మ. "రెండోది చిన్నది నాన్నా," అని నేను. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు, ఏటండీ మాస్టారూ క్షయేమో చూపించుకోండి అని వెళ్ళారు.

ఆదివారం వచ్చింది. మా నాన్న వెళ్ళి మగవాళ్ళ చాప చివర, గుమ్మం దగ్గర, గంట మావయ్య చోట్లో కూర్చున్నాడు. అయ్యగారు నంబరు చెప్పారు. పేజీలు తిప్పిన చప్పుడయింది. బోర్డింగత్త లేచి చెంగు నడుముకి దోపింది. కాళ్ళు ఎడంగా పెట్టింది. ఊపిరి తీసింది. అప్పుడు మా నాన్న గొంతు సవరించాడు, అచ్చం ఆయనలాగే, రెండోది కాస్త చిన్నగా.

ఆవిడ తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. మెల్లిగా గుమ్మం వైపు తిరిగింది.

"ఎవుడ్రా అది?" అంది గుడంతా వినబడేలా. "ఎవుడ్రా సచ్చిపోనోడి దగ్గు దగ్గుతన్నాడు?"

మా నాన్న భూమిలోకి కుంగిపోయాడు. ఆవిడ ఆయన్ని చూసింది, ఆయన కూర్చున్న చోటు చూసింది. చూసి నిలబడ్డ చోటే కూలబడి ఏడుపు మొదలుపెట్టింది. బాబోయ్, ఏం ఏడుపది! మొగుణ్ణి తిట్టింది, నీలు తోడకుండా ఎల్లిపోనావా అని. బోర్డింగు పిల్లల్ని పేరుపేరునా పిలిచింది. ఫ్యానుని కూడా తిట్టింది. "నెత్తి మీద తిరుగుతాది, రాత్రంతా తిరుగుతాది, ఎవులు పెట్టమన్నారు దాన్ని!" అని. కూతురు ఎల్లిపోనాది, మంచిగా ఎల్లిపోనాది అని ఏడ్చింది. అయ్యగారు బైబిలు తెరిచి, మళ్ళీ మూసి, ఏం చెయ్యాలో తెలియక కుర్చీలో కూర్చుండిపోయారు. ఆ గుడి కట్టాక అంతసేపు పాట లేకుండా, ప్రార్థన లేకుండా జనం ఊరికే కూర్చోవడం ఎప్పుడూ జరిగుండదు. మా అమ్మ వెళ్ళి ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుంది.

ఎంతసేపటికో ఏడుపు ఆగింది. ముక్కు చీదుకుంది. లేవలేదు. చాప మీద కూర్చునే, చెంగు దోపకుండానే, ఆ పాటే ఎత్తింది.

ఎంత కింద ఎత్తిందంటే ఆడవాళ్ళం ఒక్కరం కూడా అందుకోలేకపోయాం! మగాళ్ళే పాడారు. వాళ్ళలో కూడా సగంమంది కళ్ళు తుడుచుకుంటూ పాడారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో కంచం నిండా తిని, నులకమంచం మీద పడి, దీపాలు పెట్టేదాకా నిద్రపోయింది. కొన్నాళ్ళకి చేతుల పొలుసులు మానాయి. జుట్టు మళ్ళీ వచ్చింది, తెల్లగా వచ్చింది. దడ తగ్గిందంది. ఇదేదో కథలోలాగా బాగుపడిపోయిందని మేం చంకలు గుద్దుకున్నాం. ఎక్కడ! నెల తిరిగేసరికి పాట మళ్ళీ పైకి పాకడం మొదలుపెట్టింది. వేసవికల్లా క్రిస్మస్ నాడు ఎక్కడుందో అక్కడికే చేరింది. అంటే దగ్గూ కారణం కాదు, ఏడుపూ మందు కాదా? లేకపోతే రెండూ సగం సగమా? మరుసటేడు కూతురికి మగపిల్లాడు పుట్టాడని కబురొస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. సంతోషానికి కూడా దద్దుర్లు వస్తాయా? ఆవిడే పకపకా నవ్వింది. "నా ఒంటికి మంచీ సెడ్డా తేడా తెలీదే. ఏది కొత్తగా ఒచ్చినా తలుపేసుకుంటాది," అంది.

పాట మాత్రం ఆవిడ దగ్గర్నుంచి తియ్యడానికి మళ్ళీ ఎవరికీ నోరు రాలేదు. అయ్యగారికి కూడా. సంఘమే అలవాటుపడింది. మగాళ్ళు ఓ మెట్టు కిందనుంచి పాడేవాళ్ళు, ఆడవాళ్ళం మెడలు సాచి పాడేవాళ్ళం. పై ఊరి వాళ్ళెవరైనా వస్తే, మీ నర్సీపట్నం వాళ్ళవి ఏం గొంతులండీ అని ముక్కున వేలేసుకునేవాళ్ళు. అలా ఏళ్ళు గడిచాయి. నాకు ఉద్యోగమొచ్చింది, పెళ్ళయింది, ఇక్కడికే బదిలీ అయింది. నేను ఆవిడ పక్కనే నిలబడి ఆ శ్రుతికే పాడాను.

ఎనభైల నడుమ ఆవిడకి కాళ్ళు వాచి గుడికి రావడం మానేసింది. కూతురు ఎస్. రాయవరం తీసుకుపోతానని ఎంత బతిమాలినా కదలలేదు. "మల్లీ మారలేనే. ఈ ఫ్యానుకి ఇప్పుడిప్పుడే అలవాటు పడతన్నాను," అంది. ఆఖరుసారి నేను వెళ్ళినప్పుడు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన రేడియో.

"ఒలే, నిజం సెప్పు. నాను పాట పైకెత్తేదాన్ని గదూ?"

"ఎవరన్నారత్తా?"

"ఎవులూ అననేదు. ఆదివారం రేడియోలో పాటొస్తే నానూ కలిపినాను. ఆల్లెక్కడో కిందున్నారు, నానెక్కడో పైనున్నాను. ఎన్నాల్ల నుంచే?"

"బోర్డింగు మూసిన దగ్గర్నుంచి."

"మరి ఎవులూ సెప్పనేదేటే?"

"అందుకున్నాం కదత్తా," అన్నాను.

నవ్వింది. నవ్వి నా చెయ్యి పట్టుకుంది. "అందుకున్నారు. మంచోల్లు. గొంతులు సించుకుని అందుకున్నారు. పాటందుకున్నారు గానీ నీకేటైనాదని నన్నెవులూ అడగనేదే."

"అడిగాం కదత్తా! నువ్వే రాయిలాగున్నానని..."

"ఒక్కపాలి అడిగితే ఎవులైనా అలాగే అంటారే. మల్లీ అడగాల."

ఆ తర్వాత ఎంతో కాలం లేదు. సమాధుల దొడ్డిలో పాట నేనే ఎత్తాను. గుమ్మం దగ్గర కూర్చునే మనిషి కోసం ఎత్తాలని ఎంత అనుకున్నా అక్కడ గుమ్మమే లేదాయె. ఏ శ్రుతిలో ఎత్తానో నాకు తెలియదు. సంఘం అందుకుంది.

ఇవాళ ఆదివారం. పొద్దున గుడికి వెళ్ళొచ్చి ఈ ఆఖరు ముక్క రాస్తున్నాను. ఇప్పుడు మా గుడిలో కీబోర్డు ఉంది. అయినా మొదటి మాట మనిషే ఎత్తాలని మా వాళ్ళ అలవాటు, ఆ మనిషిని నేనే. అయ్యగారు నంబరు చెప్పారు. లేచాను, ఎత్తాను. పాట రెండో వరసకి వచ్చేసరికి వెనక మగవాళ్ళ గొంతులు పల్చబడ్డాయి. కీబోర్డు నా కోసం పైన ఎక్కడెక్కడో వెతుక్కుంది. నా పక్కనున్న అంగన్‌వాడీ అమ్మాయి మెడ సాచింది. అప్పుడు తెలిసింది నాకు. తెలిసినా కిందికి దించడం నా వల్ల కాలేదు. ఒక్కొక్కరే, ఒక్కొక్కరే అందరూ అందుకున్నారు.

ఆరాధనయ్యాక అందరూ వందనాలమ్మా, వందనాలమ్మా అని వెళ్ళిపోయారు. మెట్ల దగ్గర ఆ అమ్మాయి చెప్పులు వేసుకుంటూ, "అమ్మగారూ, ఒంట్లో ఎలాగుందండీ?" అంది.

"నాకేమైంది? రాయిలా ఉన్నానమ్మా," అన్నాను.

ఒక కాలికి చెప్పు వేసుకుంది. రెండోది వేసుకోకుండా అలాగే నిలబడింది. వెళ్ళలేదు.

"అది కాదమ్మగారూ. ఎలాగుంది?"

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను.

"మా ఆయన పోయాడమ్మా," అన్నాను, ఆ సంగతి ఆ అమ్మాయికి తెలియనట్టు.